తోరున్ అనని మాట

సెప్టెంబర్ 28, ఆదివారం

కాళ్ళు వేణ్నీళ్ళలో పెట్టుకుని రాస్తున్నాను. వరసగా రాయాలి. ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో ఇప్పుడే రాసుకోకపోతే రేపటికి నాకు అనుకూలంగా నేనే మార్చేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున తోరున్ కారు ఆపి హారన్ కొట్టింది. "ఏమే ఒడ్నీ, ఇంకా ముస్తాబవుతున్నావా? ఇద్దరు ముసలమ్మలు ముసలమ్మని ఎక్కి దిగేసరికి చీకటి పడుతుంది" అని వీధిలోంచే అరిచింది. ఆకులు పసుపు తిరిగాక ఏటా ఒకసారి ముసలమ్మ కొండ ఎక్కుతాం. బళ్ళో చదివే రోజుల నుంచీ అదే కొండ, అదే దారి, రొట్టెలు ఎవరు మొయ్యాలని అదే పోట్లాట. ఈసారి నేను మోశాను. ఇద్దరి పొట్లాలూ నా సంచిలోనే ఉన్నాయి. ఇది ముఖ్యం.

గొర్రెల గేటు దగ్గర కారు వదిలి, గేటు మూసి, భూర్జ చెట్ల మధ్య నుంచి నడిచాం. పొగమంచు అప్పటికే కిందికి దిగుతోంది. తోరున్ దారి పొడుగునా హాల్వర్‌ని ఆడిపోసుకుంది. "మా ఆయనకి కొత్త ట్రాక్టర్ కావాలిట. పెళ్ళాం మాత్రం పాతదే చాలుట" అంటే నవ్వలేక నిలబడిపోయాను. ఆయాసం. నేను పనిచేసే ఫెర్రీ కేంటీన్‌లో రోజూ మిగిలిన బన్నులన్నీ నేనే తింటే రాదా మరి.

చిత్తడి నేల మీద పలకలు పరిచిన చోట తోరున్ ఆగింది. "లేసు ఊడింది. నువ్వు నడుస్తూండవే, వెనకే వస్తాను" అంది. ఇలాగే అంది. నేను విన్నది ఇదే.

ఆ పైన పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, రాళ్ళ మీద ఎర్ర గుర్తులు దగ్గరికి వెళ్తే గానీ కనపడలేదు. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను ఆగితే అదీ ఆగేది. ఆయాసపడుతున్నానని నన్ను దాటకుండా ఉందనుకున్నాను. రాళ్ళ గుట్ట మధ్యలో నారింజ రంగు టోపీ పెట్టుకున్న వేటగాడొకడు భుజాన తుపాకీతో దిగుతూ ఎదురయ్యాడు. ఊళ్ళో అయితే ఇద్దరం చూపు తిప్పుకునేవాళ్ళం. కొండ కాబట్టి హలో అన్నాడు, నేనూ అన్నాను. నన్ను దాటి నాలుగడుగులు వేశాక మళ్ళీ హలో అన్నాడు.

పైన రాళ్ళు పేర్చిన గుర్తు పక్కన, గాలి తగలని వైపు కూర్చున్నాను. కాసేపటికి తోరున్ వచ్చి పక్కన కూర్చుంది. తలమీద ముసుగు. "ఇంతసేపు ఏం చేశావే" అంటే "వచ్చాగా" అంది. రొట్టె ఇస్తే తీసుకోలేదు. కాఫీ పోసిచ్చాను. చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుంటే గానీ కాఫీ తాగని మనిషి, చక్కెర అడగలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అది చల్లారిపోయింది.

అప్పుడు నా ఎడమ చెయ్యి పట్టుకుని తన స్వెట్టర్ లోపలికి తీసుకెళ్ళింది. చంక కింద, రొమ్ము అంచున, బఠాణీ గింజంత గట్టిగా తగిలింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"జూన్‌లో మంటలు వేసుకున్నాం చూడు, ఆ పండగనాటి నుంచి. ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. మా అమ్మకి జరిగింది చాలు."

మేం అలా కూర్చునే ఉన్నాం. లేచేముందు నా వైపు తిరిగి, "అన్నిటికీ థాంక్స్, ఒడ్నీ" అంది.

నవ్వేశాను. భయమేసి నవ్వాను. "పిచ్చిదానా, నడకకు థాంక్స్ అనాలి. అదైనా కిందికెళ్ళి కారు దగ్గర అనాలి" అన్నాను. అన్నిటికీ థాంక్స్ అనేది మా నాన్న సమాధి రాయి మీద చెక్కించిన మాట. ఆ స్మశానంలో సగం రాళ్ళ మీద అదే ఉంటుంది. పొరపాటున కూడా అది ఇంకెక్కడా అనం.

దిగుతున్నంతసేపూ అడుగులు నా వెనకే వచ్చాయి. చిత్తడి నేల దగ్గర తిరిగి చూస్తే లేదు. పొదల చాటుకు వెళ్ళిందనుకున్నాను.

కారు అద్దాలన్నీ లోపలి నుంచి ఆవిరి పట్టి ఉన్నాయి. తలుపు తీస్తే తోరున్ ముందు సీట్లో కూర్చుని గళ్ళనుడికట్టు నింపుతోంది. "వచ్చావా తల్లీ. రొట్టెలు నీ సంచిలో పెట్టుకుని చక్కా పోయావు, ఇక్కడ నేను ఆకలికి చస్తున్నాను" అంది. "మోకాలు పట్టేసింది, వెనక్కి పోతున్నా, నువ్వు వెళ్ళిరా అన్నాగా. చెయ్యి కూడా ఊపావు."

నా బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తన బూట్ల మీద బురద ఎండిపోయి ఉంది. పొట్లం విప్పుకుని, బ్రౌన్ చీజ్ పెట్టిన రొట్టెలు నా కళ్ళముందే అన్నీ తినేసింది. మా ఇంటి ముందు దింపేటప్పుడు, "నడకకు థాంక్స్ అనాలో వద్దో తెలీట్లేదే, నడిచింది నువ్వొక్కదానివేగా" అని నవ్వింది.

సెప్టెంబర్ 29

పొగమంచు. అలసట. అంతే.

సెప్టెంబర్ 30

కప్పులు తుడుస్తుంటే ఎడమ చేతి వేళ్ళకి ఆ గట్టిదనం ఇంకా తెలుస్తోంది.

అక్టోబర్ 2, గురువారం

ఉండబట్టలేక తోరున్ వాళ్ళింటికి వెళ్ళాను. హాల్వర్ కొట్టంలో ఉన్నాడు. తోరున్ వాఫిల్స్ వేస్తోంది. మొత్తం చెప్పేశాను: వెనక అడుగులు, చల్లారిన కాఫీ, గడ్డ, చివర అన్న మాట కూడా. కాదు, ఆ మాట చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. జూన్ సంగతీ, వాళ్ళమ్మ సంగతీ కూడా ఎత్తలేదు.

తోరున్ వెనక్కి తిరగకుండా పెనం మీద పిండి పోసింది. "నేను కార్లో ఉన్నానే."

"తెలుసు."

"నాకే గడ్డా లేదు."

"అయితే ఒకసారి వెళ్ళి చూపించుకో. పోయేదేముంది?"

"డాక్టర్‌కి ఏం చెప్పను? మా ఒడ్నీ కొండ మీద నా దయ్యంతో కాఫీ తాగిందండీ, అందుకొచ్చాను అనా? ముందు నిన్ను పడుకోబెడతాడు." నవ్వింది. వాఫిల్ మాడింది. తోరున్ చేతిలో వాఫిల్ మాడటం నేనెప్పుడూ చూడలేదు.

"నీకీమధ్య ఒంటరితనం ఎక్కువైంది. కుక్కని పెంచుకో" అంది, నేను కోటు వేసుకుంటుంటే. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంటికొచ్చి ఏడ్చాను. కోపంతో ఏడ్చాను.

అక్టోబర్ 4, శనివారం

షాపులో పాల అర దగ్గర నారింజ టోపీ మనిషి కనపడ్డాడు. టోపీ లేదు, అయినా గుర్తుపట్టాను. ఇక్కడ మనుషులు ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడరు. నేను వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"పోయిన ఆదివారం ముసలమ్మ మీద రెండుసార్లు హలో అన్నారు. రెండోది ఎవరికి?"

నా వెనక ఎవరైనా వింటున్నారేమోనని చూశాడు. "మొదటిసారి జనానికి వినపడదండీ. అందుకని రెండుసార్లంటాను."

"నేను మొదటిసారే జవాబు చెప్పాను."

పాల డబ్బా అటూ ఇటూ తిప్పి దాని మీద తేదీ చదివాడు. "మీ వెనకామె జవాబు చెప్పలేదు" అని గబగబా వెళ్ళిపోయాడు. ఆయన బుట్ట అక్కడే వదిలేశాడు.

అక్టోబర్ 8

దీంట్లో ఏమీ లేదు. పొగమంచులో వేటగాడికి చెట్టు మనిషిలా కనిపిస్తుంది, మనిషి జింకలా కనిపిస్తుంది. ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం.

నిద్ర లేదు. తోరున్ ఫోన్ ఎత్తడం లేదు.

రాసుకునేది నా కోసమే కాబట్టి ఒప్పుకుంటాను. తోరున్ పోతే ఈ ఊళ్ళో నాకు ఎవరూ లేరు. భయం దాని గురించో నా గురించో కూడా తెలియడం లేదు.

అక్టోబర్ 11, శనివారం

ఇవాళ వాళ్ళింట్లో గొర్రెల్ని వేరుచేసే రోజు. ఏటా నేను సాయం వెళ్తాను. పిలవకపోయినా వెళ్ళాను. తోరున్ నన్ను చూసి తలుపు వేసెయ్యలేక, "వచ్చావుగా, గేటు పట్టుకో" అంది.

దొడ్లో గొర్రె పిల్లల్ని ఒక్కోదాన్నీ కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని నడుం మీద వేళ్ళతో నొక్కి చూస్తాం. ఎముక చేతికి తగిలితే ఇంకా మేపాలి, కండ తగిలితే కోతకి లారీ ఎక్కించాలి. కళ్ళతో చూస్తే ఉన్ని మోసం చేస్తుంది, వేళ్ళనే నమ్మాలి. ఇది నాకు నేర్పింది తోరునే. మాటల్లేకుండా పని చేసుకుంటూ పోయాం. ఒక పెద్ద ఆడగొర్రె తిరగబడితే దాన్ని అదిమి పట్టడానికి తోరున్ చెయ్యి పైకెత్తింది.

ఏం ఆలోచించలేదు. నా చెయ్యి తోరున్ స్వెట్టర్ లోపలికి పోనిచ్చాను. గొర్రెని చూసినట్టే చూశాను.

ఉంది. అక్కడే ఉంది. అంతే ఉంది.

తోరున్ లాగి లెంపకాయ కొట్టింది. ఉన్ని జిడ్డుతో, పేడతో ఉన్న చెయ్యి. హాల్వర్ గేటు అవతల నుంచి, "ఏమిటే ఇద్దరూ, గొర్రెలు నవ్వుతున్నాయి" అన్నాడు. నడిచి ఇంటికొచ్చాను. దారిలో గట్టు మీద రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. దెబ్బ గట్టిగానే తగిలినట్టుంది.

అక్టోబర్ 12, ఆదివారం

పొద్దున్నే తోరున్ వచ్చింది. బూట్లు గుమ్మంలో విప్పి వంటింట్లో తన కుర్చీలో కూర్చుంది. కాఫీ పెట్టాను. చక్కెర ముక్క తీసుకుని చేతిలోనే పట్టుకుంది.

"ఎవరు చెప్పారే నీకు?" అంది.

"నువ్వే."

"అబద్ధమాడకు. హాల్వర్‌కి కూడా తెలీదు."

"జూన్‌లో మంటల పండగ నుంచి. మీ అమ్మకి జరిగింది చాలన్నావు."

దాని మొహం తెల్లబడిపోయింది. కిటికీ వైపు తిరిగింది. తర్వాత చెప్పింది. ఆ రోజు మోకాలికి ఏమీ కాలేదట. కొండ మీద కూర్చుంటే నాతో చెప్పేస్తానని భయమేసి వెనక్కి తిరిగిందట. కార్లో కూర్చుని అద్దాలన్నీ ఎత్తేసి, నేను కూర్చునే సీటు వైపు తిరిగి, నేను అక్కడ ఉన్నట్టే అనుకుని చెప్పేసిందట. గడ్డ మీద చెయ్యి పెట్టుకుని చెప్పిందట. ఆ తర్వాత ఏడ్చి, మొహం తుడుచుకుని, గళ్ళనుడికట్టు తీసిందట.

"ఖాళీ సీటుకి చెప్పానే. నువ్వెలా విన్నావు?"

ఒకరి చేతులొకరం పట్టుకుని కూర్చున్నాం, చిన్నపిల్లల్లాగా.

"మా అమ్మ శరదృతువులో పరీక్షకెళ్ళింది, ఈస్టర్ చూడలేదు" అంది. "కోసి చూడకుండా ఉంటే ఇంకో ఏడాది ఉండేదని నా నమ్మకం."

"మీ అమ్మ మూడేళ్ళు దాచి దాచి వెళ్ళింది. ఊరంతటికీ తెలుసు. నువ్వూ అలాగే పోతానంటే నేను చూస్తూ ఊరుకోను. హాల్వర్‌కి ఇవాళే చెబుతాను, కావాలంటే ఇంకో లెంపకాయ కొట్టు."

"నువ్వు తోడొస్తావా?"

"రాక చస్తానా."

సోమవారం డాక్టర్‌కి ఫోన్ చేస్తానని మాటిచ్చింది. వెళ్తూ గుమ్మంలో, "కాఫీకి థాంక్స్. లెంపకాయకి సారీ" అంది. కొండ మీద చివర అన్న మాట మాత్రం నేను చెప్పలేదు. ఎలా చెబుతాను? వెళ్ళడానికి ఒప్పుకున్న మనిషితో, నువ్వు నాకు శాశ్వతంగా సెలవు చెప్పావే అని చెప్పమంటారా? ఎవరినడుగుతున్నాను నేను.

అక్టోబర్ 27

తోరున్‌కి సూది పెట్టి ముక్క తీసి చూశారు, వాళ్ళమ్మకి వచ్చిన రోగమే. అదే. డాక్టరమ్మ చిన్నదే అంటోంది గానీ, వాళ్ళు అందరికీ అలాగే అంటారేమో.

నా పాత స్కర్టు జారిపోతోంది, పిన్నీసు పెట్టాను. ఈ దిగుల్లో తిండి ఎక్కడ సహిస్తుంది.

నవంబర్ 5

ముసలమ్మ మీద మంచు పడింది. కేంటీన్ కిటికీలోంచి కనిపిస్తుంది. అటు చూడకుండా కప్పులు కడుగుతున్నాను. నడుం నొప్పి. నిలబడి చేసే ఉద్యోగం మరి.

రోజూ అదే ఆలోచన. దానికి తెలిసే ఆ మాట అంది. మనిషి నోటికి తెలియకపోయినా లోపల దేనికో తెలుస్తుంది. అందుకే సెలవు తీసుకుంది.

నవంబర్ 18, మంగళవారం

ఆపరేషన్. పొద్దున ఆస్పత్రి వరండాలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఉంటే, నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చి నా ముందు ఆపింది. "రండమ్మా, భయపడకండి" అని నా మోచెయ్యి పట్టుకుంది. తోరున్ పగలబడి నవ్వింది. "అది కాదండీ, నేను. దానిది పుట్టుకతో వచ్చిన ఏడుపు మొహం" అంది. నర్సు సిగ్గుపడింది. నేనూ నవ్వాను.

లోపలికి తీసుకెళ్ళేటప్పుడు దాని నోటి వంకే చూస్తున్నాను. ఆ మాట అంటుందేమోనని. అనలేదు. "నా గళ్ళనుడికట్టు ముట్టుకోకు" అంది.

బతికింది. బయటికొచ్చింది. ఇంతకన్నా రాయలేను.

నవంబర్ 26

మొత్తం తీసేశారు. చుట్టుపక్కల ఎక్కడా లేదు. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, నేనే మళ్ళీ చెప్పమన్నాను. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే కథ వేరేగా ఉండేదట. వసంతంలో గొర్రెలు ఈనే వేళకి తోరున్ దొడ్లో ఉంటుంది. హాల్వర్ వరండాలో గోడకేసి తిరిగి ఏడ్చాడు. నాకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. నాన్న పోయాక దేవుడికి ఏమీ చెప్పుకోలేదు, ఇవాళ చెప్పుకున్నాను.

కాబట్టి ఆ మాట తప్పు. ఆ మాటకి అర్థం లేదు. అయిపోయింది.

డిసెంబర్ 7, ఆదివారం

మధ్యాహ్నం తోరున్ వచ్చింది, ఆపరేషన్ తర్వాత మొదటిసారి తనే కారు నడుపుకుంటూ. క్రిస్మస్ ముందు ఆదివారానికొకటి వెలిగించే కొవ్వొత్తుల్లో రెండోది దాని చేతే వెలిగించాను. దాని బుగ్గలకి రంగొచ్చింది. ఎప్పట్లాగే చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని కబుర్లు చెప్పింది. హాల్వర్ వంట చేస్తున్నాడట, గొర్రెలకి పెట్టేది తనకి పెడుతున్నాడేమోనని అనుమానమట. నేను బన్ను తుంచి పక్కన పెట్టాను.

"ఇప్పుడు చెప్పవే" అంది ఉన్నట్టుండి. "కొండ మీద నేనింకేమన్నాను? ఆ రోజు నువ్వేదో మింగేశావు. నీ గొంతు నాకు తెలీదా."

ఇంక దాచడం దేనికి, గండం గడిచిందిగా. చెప్పాను. "అన్నిటికీ థాంక్స్ అన్నావు. సెలవు చెప్పి వెళ్ళిపోతున్నావనుకున్నాను. ఈ రెండు నెలలూ నిన్ను పాతిపెడుతూనే ఉన్నాను, తెలుసా?"

తోరున్ ఆలోచించింది. "అది నేననలేదు. గడ్డ సంగతి అన్నాను, అమ్మ సంగతి అన్నాను. అంతే. ఆ మాట అనలేదు."

"నేను విన్నాను."

"విని ఉంటావులే. అయినా, వెర్రిదానా, దాన్ని పట్టుకుని నేను చస్తాననుకున్నావా?" నవ్వడం మొదలుపెట్టింది. "ఆ మాట పోయేవాళ్ళు అనరే. మీ నాన్న రాయి మీద అది మీ నాన్న అన్నాడా? నువ్వన్నావు. మిగిలేవాళ్ళు పోయినవాళ్ళకి చెప్పే మాట అది. నేను నీకు చెప్పానంటే..."

నవ్వుతూనే అంది. నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఆగిపోయింది.

నా వైపు చూసింది. ఇన్నాళ్ళలో మొదటిసారి తన రోగం సంగతి పక్కన పెట్టి నా వైపు చూసింది. స్కర్టు పిన్నీసు, తుంచి పెట్టిన బన్ను, కుర్చీ అంచు పట్టుకున్న నా చెయ్యి చూసింది. నాకు సిగ్గేసి చెయ్యి తీసేశాను.

"ఎప్పట్నుంచే?" అంది.

"ఏమిటి?"

"ఒడ్నీ."

"దిగులే. నీ దిగులు."

"నా దిగులు తీరి పది రోజులైంది."

వేసవిలో కొండ కింది చెరువు దాకా వెళ్ళి ఆయాసమొచ్చి తిరిగొచ్చిన సంగతి గుర్తొచ్చింది. దాన్ని అప్పట్లో ఇక్కడ రాయలేదు. రాస్తే నిజమవుతుందని రాయలేదు.

తోరున్ లేచింది. నా కప్పూ తన కప్పూ కడిగి బోర్లించింది. కోటు వేసుకుంది. "రేపు పొద్దున్నే కారు తెస్తాను. తయారై ఉండు. హారన్ కొట్టించుకోకు" అంది. ఎక్కడికో చెప్పలేదు, నేనూ అడగలేదు.

గుమ్మంలో బూట్లు వేసుకుని నా వైపు తిరిగింది. కాఫీకి థాంక్స్ అనడానికి నోరు తెరిచింది. బడికెళ్ళే రోజుల నుంచీ ఈ ఇంట్లో మంచినీళ్ళు తాగినా థాంక్స్ చెప్పకుండా ఆ గుమ్మం దాటని మనిషి. నోరు మూసుకుంది. పెదాలు గట్టిగా బిగించి, తల అడ్డంగా ఊపి, ఏమీ అనకుండా తలుపేసుకుని వెళ్ళిపోయింది.